టక్‌ టక్‌మంటే... బానెట్‌ ఎత్తండి

పొద్దున్నే ఆఫీసు హడావుడి. కారు తాళం తిప్పితే ‘టక్‌’మని ఒక్క చప్పుడు, అంతే. పక్కింటాయన వచ్చి ‘బ్యాటరీ పోయినట్టుందండీ’ అంటారు. ఎదురింటాయన ‘కాదు, సెల్ఫ్‌ మోటార్‌ పట్టేసింది’ అంటారు. ఫోన్‌ చేస్తే మెకానిక్‌ ‘బండి పట్టుకు రండి సార్‌, చూద్దాం’ అంటాడు. కదలని బండిని పట్టుకెళ్లాలంటే మళ్లీ టోయింగ్‌ ఖర్చు. సాయంత్రానికి కొత్త బ్యాటరీ పడుతుంది, నాలుగైదు వేల బిల్లు చేతికొస్తుంది. నెల తిరక్కముందే మళ్లీ అదే ‘టక్‌’. అప్పుడు తేలుతుంది, తప్పు బ్యాటరీది కాదనీ, ఇంజిన్‌కు బిగించిన ఎర్త్‌ తీగ చివర పట్టిన తుప్పుదనీ. ఆపాటికి మంచి పాత బ్యాటరీ ఎక్స్ఛేంజ్‌లో వెళ్లిపోయి ఉంటుంది.

సెకండ్‌ హ్యాండ్‌లో కొన్న ఆల్టో, వ్యాగన్‌ ఆర్‌, శాంత్రో, ఇండికా నడిపే ఇళ్లలో ఇది తరచూ జరిగేదే. 1983 డిసెంబరులో మారుతీ 800 రోడ్డెక్కాక కారు మన మధ్యతరగతి వాకిట్లోకి వచ్చింది. కొనడానికి అప్పు చేస్తాం, పెట్రోలుకు లెక్క చూసుకుంటాం. రిపేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరేం చెబితే దానికి తలూపుతాం. ఇందులో మనకు తెలిసేదేముందని వదిలేస్తాం. నిజానికి తెలుసుకోవచ్చు. స్టార్ట్‌ కాని బండిని బాగుచేయడానికి చేయి తిరిగిన పనిమంతుడే కావాలి. తప్పు ఏ వైపుందో పట్టుకోవడానికి మాత్రం చెవులు, కళ్లు, మూడు వందల రూపాయల మీటరు చాలు.

ముందు వినండి

స్టార్ట్‌ కాని బండి మూడు రకాలుగా మొండికేస్తుంది. ఒకటి, ఏ చప్పుడూ ఉండదు. రెండు, టక్‌మనో టకటకమనో అంటుంది కానీ ఇంజిన్‌ తిరగదు. మూడు, సెల్ఫ్‌ బాగానే తిరుగుతుంది, ఇంజిన్‌ మాత్రం అందుకోదు. ఈ మూడింటికీ కారణాలు వేర్వేరు. మొదటి రెండూ కరెంటు దారిలోని తప్పులు. మూడోదానికి సెల్ఫ్‌తోగానీ బ్యాటరీతోగానీ సాధారణంగా సంబంధం ఉండదు. ‘బండి స్టార్ట్‌ కావట్లేదు’ అని ఊరుకోకుండా ఈ మూడింటిలో ఏదో చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే.

ఏ చప్పుడూ లేనప్పుడు ముందుగా ఖర్చులేని వాటిని చూడాలి. ఇప్పటి చాలా కార్లలో క్లచ్‌ పూర్తిగా తొక్కితేనే సెల్ఫ్‌ పనిచేస్తుంది. పెడల్‌ కింద మ్యాట్‌ మడతపడి క్లచ్‌ చివరిదాకా వెళ్లకపోయినా బండి పలకదు. ఆటోమేటిక్‌ అయితే గేరు ‘పి’లోగానీ ‘ఎన్‌’లోగానీ ఉండాలి. ఏఎంటీ అయితే న్యూట్రల్‌లో పెట్టి బ్రేకు తొక్కాలి. బటన్‌ నొక్కి స్టార్ట్‌ చేసే బండి ‘కీ కనబడట్లేదు’ అంటోందంటే రిమోట్‌లోని బిళ్ల బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. చాలా మోడళ్లలో రిమోట్‌నే స్టార్ట్‌ బటన్‌కు ఆనించి నొక్కితే బండి గుర్తుపడుతుంది. దారేదో మీ బండి పుస్తకంలో ఉంటుంది. గ్లవ్‌ బాక్సులో కవరు కూడా విప్పకుండా పడి ఉండే ఆ పుస్తకాన్ని ఒక్కసారి తిరగేయండి. ఫ్యూజుల పటం కూడా అందులోనే ఉంటుంది.

తర్వాత హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్‌ కొట్టండి. ఆటో ఎలక్ట్రీషియన్లు ఎప్పట్నుంచో చేస్తున్న పరీక్ష ఇది. లైట్లు దాదాపు ఆరిపోతే బ్యాటరీలో సత్తా లేనట్టు, లేదా టెర్మినల్‌ దగ్గర పట్టు లేనట్టు. లైట్లు ఏమాత్రం తగ్గకుండా వెలుగుతూనే ఉంటే కరెంటు సెల్ఫ్‌ మోటార్‌ దాకా వెళ్లడం లేదన్నమాట. అప్పుడు అనుమానించాల్సింది తాళం స్విచ్‌నో రిలేనో సెల్ఫ్‌ మోటార్‌నో. టకటకటకమని ఆగకుండా కొట్టుకుంటే చాలాసార్లు బ్యాటరీ డౌన్‌. ‘టక్‌’మని ఒక్కసారే గట్టిగా అని ఊరుకుంటే సెల్ఫ్‌ వైపు చూడాలి.

మూడు వందల మీటరు

హైదరాబాద్‌ కోఠిలోని గుజరాతీ గల్లీలో, ఆ మాటకొస్తే ఏ ఊళ్లోనైనా ఎలక్ట్రికల్‌ షాపులో పసుపురంగు చిన్న డిజిటల్‌ మీటరు దొరుకుతుంది. రెండు మూడు వందలకు మించదు. కారున్న ప్రతి ఇంట్లో ఇది ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. సీటు కవర్లకూ డ్యాష్‌బోర్డు మీది బొమ్మలకూ పెట్టే డబ్బులో ఇదెంత?

బండి రాత్రంతా ఆగి ఉన్నాక, పొద్దున్నే తాళం పెట్టకముందు కొలవండి. డయల్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర తీగ ప్లస్‌ మీద, నల్ల తీగ మైనస్‌ మీద ఆనించండి. 12.6 చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉంది. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం. 12కు దిగితే అడుగంటినట్టే, ముందు ఛార్జింగ్‌ పెట్టించాలి. అప్పటిదాకా వేరే ఏ అనుమానమూ వద్దు. సరిగ్గా 10.5 చుట్టుపక్కల ఆగిందంటే దానికో ప్రత్యేక అర్థముంది. కారు బ్యాటరీలో ఆరు గదులుంటాయి, ఒక్కోటి 2.1 వోల్టులు ఇస్తుంది. ఒక గది చచ్చిపోతే మిగిలేది 10.5. అలాంటి బ్యాటరీని ఎంతసేపు ఛార్జింగ్‌ పెట్టినా నిలబడదు, మార్చాల్సిందే.

నిలకడగా ఉన్నప్పటి అంకెతోనే తీర్పు చెప్పేయకూడదు. ముసలి బ్యాటరీ కూడా ఊరికే ఉన్నప్పుడు 12.5 చూపిస్తుంది. అసలు సంగతి సెల్ఫ్‌ కొట్టినప్పుడు బయటపడుతుంది. చిన్న కారు సెల్ఫ్‌ మోటార్‌ కూడా ఆ క్షణంలో వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది. అందుకే ఈ పరీక్షకు ఇద్దరు కావాలి. హ్యాండ్‌బ్రేక్‌ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, నాన్న మీటరుతో బానెట్‌ దగ్గర ఉంటాడు, కూతురు సీట్లో కూర్చుంటుంది.

‘‘కొట్టనా నాన్నా?’’

‘‘కొట్టమ్మా. నేను ఆపమనేదాకా, లేదా ఇంజిన్‌ అందుకునేదాకా తాళం వదలకు.’’

నాలుగైదు సెకన్లు చాలు. ఆ కాసేపట్లో మీటరు ఎక్కడిదాకా పడిందన్నదే చూడాలి. పదికి పైన నిలిస్తే బ్యాటరీ బాగానే ఉంది. 9.6 కన్నా కిందికి పడితే దానికి ఓపిక తగ్గిపోయింది. ఏడుకో ఆరుకో జారిపోతే కాలం చెల్లినట్టే. అయితే ఇక్కడే నాలుగో సంగతి ఒకటుంది. జేబులు ఖాళీ అయ్యేది దీన్ని గమనించకపోవడం వల్లే. ‘టక్‌’మన్న చప్పుడు వచ్చింది, ఇంజిన్‌ తిరగలేదు, మీటరు మాత్రం 12.4 దగ్గరే కదలకుండా ఉంది. అంటే బ్యాటరీలోంచి కరెంటు బయటికి పోవడమే లేదు. బ్యాటరీ నిక్షేపంగా ఉంది, దారి మూసుకుపోయింది. ఈ అంకె కళ్లారా చూసినవాళ్లకు కొత్త బ్యాటరీ అంటగట్టడం ఎవరివల్లా కాదు.

పచ్చటి పొడి

దారి ఎక్కడ మూసుకుపోయింది? ఎక్కువసార్లు కంటి ముందే. బ్యాటరీ మూతి (టెర్మినల్‌) మీద, దానికి తీగను బిగించే క్లాంపు చుట్టూ తెల్లగానో నీలం కలిసిన పచ్చగానో పొడి పేరుకుని ఉంటుంది. ఆసిడ్‌ ఆవిరి లోహాన్ని తింటే పుట్టేది అదే. పైకి ఏమీ కనిపించకపోయినా క్లాంపు విప్పి చూస్తే లోపలివైపు నల్లటి పొర ఉండొచ్చు. చేత్తో పట్టుకుని తిప్పితే క్లాంపు కదిలిందంటే అదే దొంగ. రేడియోకూ లైట్లకూ ఆ కాస్త పట్టు సరిపోతుంది, వంద ఆంపియర్లకు చాలదు. ‘లైట్లు వెలుగుతున్నాయిగా, బ్యాటరీ కనెక్షన్‌ బాగానే ఉన్నట్టు’ అనుకుని మోసపోయేది ఇందుకే.

దీన్ని మీటరుతోనే నిగ్గు తేల్చవచ్చు. ఎర్ర తీగను బ్యాటరీ ప్లస్‌ మూతి మీద, నల్ల తీగను అదే మూతికి బిగించిన క్లాంపు మీద పెట్టి సెల్ఫ్‌ కొట్టించండి. రెండూ ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి కాబట్టి మీటరు దాదాపు సున్నా చూపాలి. అర వోల్టో ఒక వోల్టో చూపిందంటే ఆ వెంట్రుకవాసి సందులోనే కరెంటు ఆగిపోతోంది. మైనస్‌ మూతికీ ఇంజిన్‌ మీద శుభ్రమైన లోహపు చోటుకూ మధ్య కూడా ఇలాగే కొలవండి. 0.2 వోల్టులు దాటితే ఎర్త్‌ తీగ చివరలు విప్పి శుభ్రం చేయాలి. బ్యాటరీ నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజిన్‌కు వెళ్లే ఈ తీగను చాలామంది పట్టించుకోరు. పాత బండ్లలో తాళం తిప్పితే డ్యాష్‌బోర్డు లైట్లన్నీ పిచ్చిగా మిణుకుమంటుంటే నేను మొదట అనుమానించేది దాన్నే.

శుభ్రం చేయడానికి ఇంట్లో సరంజామా చాలు. పది నంబరు పానాతో మైనస్‌ క్లాంపు ముందు విప్పాలి, ప్లస్‌ తర్వాత. బిగించేటప్పుడు ప్లస్‌ ముందు, మైనస్‌ ఆఖరున. ఈ వరస తప్పకూడదు. మైనస్‌ బిగించి ఉండగా ప్లస్‌ విప్పుతున్నప్పుడు పానా బాడీకి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. చేతికి ఉంగరం, కడియం, వాచీ ఉంటే తీసేయండి. వేడినీళ్లలో వంటసోడా కలిపి పోస్తే ఆ పొడి నురగలు కక్కుతూ కరిగిపోతుంది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మంచినీళ్లతో కడిగి, తుడిచి, లోపలి అంచుల్ని గరుకు కాగితంతో మెరిసేదాకా గీకి, బిగించాక పైన కాస్త వాసెలైన్‌ రాయండి. ఖర్చు ఇరవై రూపాయలు.

ఇంత చేసినా ‘టక్‌’ దగ్గరే ఆగితే, సెల్ఫ్‌ మోటార్‌ను ఒకరు పానా వెనకవైపుతో మెల్లగా తడుతుండగా ఇంకొకరు తాళం తిప్పి చూడొచ్చు. అప్పుడు పట్టుకుందంటే లోపల కార్బన్లు అరిగాయని అర్థం. అది బాగుపడటం కాదు, షాపు దాకా వెళ్లడానికి దొరికిన అవకాశం. కొత్త సెల్ఫ్‌ కొనకముందు కార్బన్లు, బుష్‌లు మార్పించే సంగతి అడగండి. చాలా కార్లకు ఆ పనితోనే ఇంకొన్నేళ్లు గడుస్తుంది, ఖర్చులో తేడా వేలల్లో ఉంటుంది.

మన ఎండ, మన బ్యాటరీ

చలి దేశాల్లో బ్యాటరీ తెల్లవారుజామున మొరాయిస్తుంది. మన దగ్గర దాన్ని చంపేది ఎండ. వేడి పెరిగేకొద్దీ లోపలి రసాయన చర్య వేగం పుంజుకుంటుంది, పలకలు తొందరగా అరిగిపోతాయి, నీరు ఇంకిపోతుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో రోజంతా ఆరుబయట నిలిపే బండి బ్యాటరీకీ నీడపట్టున ఉండే బండి బ్యాటరీకీ ఆయుష్షులో తేడా ఉండి తీరుతుంది. మూడు నాలుగేళ్లు దాటిన బ్యాటరీని వేసవి చివర్లో ఒకసారి కొలవడం మంచిది. మే నెల ఎండకు దెబ్బతిన్నది జులై ముసురులో వైపర్లు, లైట్లు, ఏసీ కలిసి లాగేటప్పుడు చేతులెత్తేస్తుంది.

తిరుపతి పక్కన కరకంబాడిలో తయారయ్యే అమరాన్‌ కావొచ్చు, ఇంకే కంపెనీదైనా కావొచ్చు, బ్యాటరీతోపాటు వారంటీ ఉంటుంది. గడువులో మొదటి భాగంలో పోతే ఉచితంగా మార్చిస్తారు, తర్వాత భాగంలో వాడిన కాలాన్నిబట్టి ధరలో కొంత తగ్గిస్తారు. ఇంత మేలున్నా కార్డు ఎక్కడ పెట్టామో గుర్తులేక పూర్తి ధర కట్టేవాళ్లు ఎందరో! బ్యాటరీ వేయించిన రోజే కార్డునూ బిల్లునూ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

కొత్త బ్యాటరీ వేయించేముందు రెండు కొలతలు మాత్రం వదలొద్దు. బండిని ఎలాగోలా స్టార్ట్‌ చేసి, ఇంజిన్‌ నడుస్తుండగా బ్యాటరీ మూతుల మీద కొలిస్తే చాలా కార్లలో 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. 12.3 దగ్గరే కుంటుతుంటే డైనమో పనిచేయడం లేదు. కొత్త బ్యాటరీని కూడా అది రెండు రోజుల్లో ఖాళీ చేస్తుంది. 15 దాటితే రెగ్యులేటర్‌ పాడై బ్యాటరీని ఉడికిస్తోంది. రెండోది, బండి ఆగి ఉన్నప్పుడు చాటుగా కరెంటు తాగేదేమైనా ఉందా అన్నది. బయట బిగించిన స్టీరియో, డ్యాష్‌క్యామ్‌, జీపీఎస్‌, డిక్కీలో ఆరని బల్బు, ఇవే సాధారణంగా దొరికే దొంగలు. మైనస్‌ తీగ విప్పి, మీటరు ఎర్ర తీగను పది ఆంపియర్ల రంధ్రంలో పెట్టి, మైనస్‌ మూతికీ విప్పిన తీగకూ మధ్యలో మీటరును కలిపితే, తలుపులన్నీ మూసి అరగంట ఆగాక 50 మిల్లీ ఆంపియర్లకు లోపు చూపాలి. ఎక్కువుంటే ఒక్కో ఫ్యూజు పీకుతూ పోతే ఎక్కడ తగ్గిందో అక్కడే దొంగ దొరుకుతాడు. మీటరు అలా కలిపి ఉన్నప్పుడు పొరపాటున కూడా సెల్ఫ్‌ కొట్టకూడదు, మీటరు కాలిపోతుంది.

సెల్ఫ్‌ తిరుగుతోంది... బండి పట్టదే?

ఇంజిన్‌ గిర్రున తిరుగుతూ అందుకోకపోతే బ్యాటరీని వదిలేయండి. పెట్రోలో, ప్లగ్గులకు నిప్పో అందడం లేదు. చాలామంది ఇక్కడ కంగారుపడి తాళాన్ని వదలకుండా పట్టుకుంటారు. సెల్ఫ్‌ను పది సెకన్లకు మించి కొట్టకూడదు, మధ్యలో అర నిమిషమైనా ఆగాలి.

తాళాన్ని ‘ఆన్‌’ దాకా మాత్రమే తిప్పి, ఏసీ, రేడియో ఆపేసి చెవి పెట్టండి. వెనక సీటు కింద నుంచి రెండు మూడు సెకన్లపాటు సన్నగా ‘జుయ్‌’మని వినబడాలి. అది పెట్రోలు పంపు చప్పుడు. అది వినపడకపోతే మొదట పంపు ఫ్యూజు చూడండి. ఫ్యూజుకు ఖరీదు పది రూపాయలు, పంపుకు వేలు. ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. ఎగిరిపోయిన రంగుదే మళ్లీ వేయాలి. 15 ఉండాల్సిన చోట 30 వేస్తే తీగ కాలుతుంది, బండే అంటుకుంటుంది. తర్వాత రిలే. అదే రకం రిలే పక్కనే హారన్‌కో ఏసీకో ఉంటే రెండూ మార్చి చూడొచ్చు. పంపు పలికిందంటే రిలే పోయినట్టు. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

డ్యాష్‌బోర్డు మీద తాళం గుర్తో తాళమేసిన కారు బొమ్మో ఆగకుండా మిణుకుతుంటే బండి మీ తాళాన్ని గుర్తుపట్టడం లేదు. అప్పుడు ఎన్ని పార్టులు మార్చినా లాభం లేదు. రెండో తాళంతో ప్రయత్నించండి. డీజిల్‌ బండి అయితే పసుపు రంగు చుట్ట గుర్తు ఆరాకే సెల్ఫ్‌ కొట్టాలి.

బానెట్‌ ఎత్తినప్పుడు ఎలుకల జాడ కూడా చూడండి. అపార్టుమెంటు సెల్లార్లలో, ఖాళీ ప్లాట్ల పక్కన నిలిపే బండ్లకు ఇది పెద్ద బెడద. వెచ్చదనం కోసం ఇంజిన్‌ మీద కాపురం పెట్టి తీగల్ని కొరుకుతాయి. నల్లటి పెంట, కొరికిన స్పాంజి ముక్కలు, రాగి బయటపడ్డ సన్న తీగ కనబడితే కారణం దొరికినట్టే. ఒక్క తీగ అతికితే పోయేదానికి మొత్తం వైరింగ్‌ సెట్టు మార్చాలనేవాళ్ల మాట వెంటనే ఒప్పుకోకండి.

2013 ఏప్రిల్‌ తర్వాత తయారైన కార్లకు స్టీరింగ్‌ కింద పదహారు రంధ్రాల సాకెట్టు ఒకటి ఉంటుంది, ఓబీడీ అంటారు. ఐదారు వందల నుంచి వెయ్యి రూపాయల్లో దొరికే బ్లూటూత్‌ ముక్కను అందులో గుచ్చి ఫోన్‌లో యాప్‌ తెరిస్తే బండి తన తప్పు తానే చెబుతుంది. పి0335 వస్తే క్రాంక్‌ సెన్సర్‌ వైపు, పి0340 వస్తే క్యామ్‌ సెన్సర్‌ వైపు చూడమని. ఇంజిన్‌ వేడెక్కాక ఆపితే వెంటనే పట్టదు, చల్లారాక మామూలుగా పడుతుంది, ఇలా జరిగే బండ్లలో క్రాంక్‌ సెన్సర్‌ తప్పు తరచుగా బయటపడుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి. ఆ నంబరు ఏ దారిలో తేడా ఉందో చెబుతుందే కానీ ఫలానా పార్టు మార్చమని చెప్పదు. సెన్సర్‌ మార్చకముందు దాని ప్లగ్గూ తీగలూ చూడాలి.

తోయడం, జంపర్‌ పెట్టడం

అంబాసిడర్‌ రోజుల్లో బ్యాటరీ పోతే ముందు నుంచి హ్యాండిల్‌ పెట్టి తిప్పేవాళ్లు. ఇప్పుడా దారి లేదు. మాన్యువల్‌ గేరు బండిని సెకండ్‌ గేరులో తోసి స్టార్ట్‌ చేయొచ్చు, బ్యాటరీలో కాస్తయినా ప్రాణముంటేనే. ఆటోమేటిక్‌నూ ఏఎంటీనూ తోసి లాభం లేదు. జంపర్‌ తీగలైతే ఎర్రది ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కు. ఆఖరి కొస మాత్రం చచ్చిన బ్యాటరీకి కాకుండా, దూరంగా ఇంజిన్‌ మీది లోహానికి. బ్యాటరీ మీద హైడ్రోజన్‌ వాయువు ఉండొచ్చు, రవ్వ లేస్తే పేలుతుంది. బజారులో పైన లావుగా ప్లాస్టిక్‌, లోపల వెంట్రుకల్లాంటి తీగతో చవక జంపర్లు అమ్ముతున్నారు. అవి పట్టుకుంటే కాలుతాయి, బండి మాత్రం కదలదు. ఇందులో పొదుపు వద్దు.

చేయి పెట్టకూడని చోట్లున్నాయి. పెట్రోలు వాసన గుప్పుమంటుంటే తాళం తిప్పొద్దు. సీఎన్‌జీ వాసన వచ్చినా అంతే. డీజిల్‌ ఇంజెక్టర్‌ పైపులు విప్పొద్దు, ఆ ఒత్తిడికి డీజిల్‌ చర్మాన్ని కోసుకుని లోపలికి దిగుతుంది. హైబ్రిడ్‌ బండ్లలో నారింజ రంగు తీగల్ని ముట్టుకోవద్దు. అన్నిటికన్నా ముఖ్యం, నీళ్లలో మునిగిన బండికి సెల్ఫ్‌ కొట్టొద్దు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌ మునిగినప్పుడు, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ నీటిలో చిక్కినప్పుడు వీధుల నిండా మునిగిన కార్లే. నీరు తగ్గగానే ఆత్రంగా తాళం తిప్పితే ఇంజిన్‌లోకి చేరిన నీరు నలగదు, కనెక్టింగ్‌ రాడ్లే వంగుతాయి. కడిగి ఆరబెడితే బతికే ఇంజిన్‌ అక్కడితో ముగుస్తుంది. ఇంజిన్‌ రక్షణ విడిగా తీసుకోని పాలసీల్లో ఈ నష్టానికి సాధారణంగా బీమా కూడా రాదు. బ్యాటరీ మైనస్‌ విప్పి, ఫొటోలు తీసి, బీమా వాళ్లకు ఫోన్‌ చేసి, బండిని లాగించుకు వెళ్లండి.

ఇదంతా మెకానిక్‌ పొట్ట కొట్టడానికి కాదు. విజయవాడ ఆటోనగర్‌లో చెవి ఆనించి ఇంజిన్‌ రోగం చెప్పగల పనిమంతులున్నారు. వాళ్ల చేతిపనికి విలువ కట్టి ఇవ్వాల్సిందే. ‘ఏదో అయింది అన్నా, చూడు’ అంటే ఆయన కూడా ఊహతో మొదలుపెట్టాల్సి వస్తుంది. ‘అన్నా, నిలకడగా 12.5 ఉంది, సెల్ఫ్‌ కొడితే 12.4 దగ్గరే నిలబడుతోంది, టెర్మినళ్లు శుభ్రం చేశా, ఒక్క టక్‌ వస్తోంది’ అని చెప్పి చూడండి. నిజాయతీపరుడైన మెకానిక్‌ నేరుగా సెల్ఫ్‌ విప్పుతాడు. విప్పిన పాత పార్టును మీకు చూపించమని అడగండి, అది మీ హక్కు.

బండి బాగున్న రోజునే ఈ అంకెలు తీసి పెట్టుకోవడం మేలు. ఈ ఆదివారమే మీటరు పట్టుకుని మూడు కొలతలు తీయండి. నిలకడగా ఎంత, సెల్ఫ్‌ కొట్టినప్పుడు ఎంత, ఇంజిన్‌ నడుస్తుండగా ఎంత. తేదీ వేసి బండి పుస్తకం అట్ట లోపల రాసి, గ్లవ్‌ బాక్సులో పెట్టేయండి.